జేబులో వెలిగిన నీలి పడవ

దీపాల మరమ్మతు కొట్టు, వెనక గది
సోమవారం

మరదలికి,

బావ వందనాలు. మీ అక్క క్షేమం, నేను క్షేమం. నా గొంతు ఒక్కటే నిన్నటి ప్రసంగంతో బొంగురుపోయింది. అందుకని నోటితో చెప్పాల్సినదాన్ని చేత్తో రాస్తున్నాను.

ముందు శుభవార్త. మీ నాన్నగారు పోతూ పోతూ నా చేతిలో పెట్టిన తపాలా బిళ్లల ఆల్బంలో ఒక నీలి పడవ బిళ్ల ఉంది చూడు, అది వెలిగింది. ఊరికే మెరవడం కాదు, మంచు మీద ఎండ పడ్డట్టు వెలిగింది.

సంగతేమిటంటే, మూతపడిన నగల దుకాణం వాళ్లు పాత సామానుతో పాటు ఒక ఊదా దీపాన్ని నా కొట్లో పడేసి వెళ్లారు. అతినీలలోహిత కాంతి అంటారే, అది. దొంగనోట్లు పట్టుకోవడానికి వాడతారు. బిళ్లలు పోగుచేసేవాళ్లు దీన్నే పెట్టి, పైకి అచ్చు ఒకేలా ఉన్న రెండు బిళ్లల్లో ఏది ఏ ముద్రణో తేలుస్తారు. మామూలు వెలుతురులో దాక్కున్నది ఈ వెలుతురులో దాక్కోలేదు. నాకు ఇంతకంటే మంచి ప్రసంగం పైనుంచి ఊడిపడుతుందా?

ఆ పడవ బిళ్లని రెండు మూడు ఆదివారాలుగా చొక్కా జేబులో పెట్టుకుని బోధించడానికి వెళుతున్నాను. కవరూ గివరూ లేకుండా, గుండెకి దగ్గరగా. ప్రసంగం మంచి కాక మీదున్నప్పుడు బయటికి తీసి, 'ఇంత కాగితం ముక్క మనిషి మాటని సముద్రం దాటిస్తోంది, మీ విశ్వాసం గుమ్మం దాటదేం' అని అడుగుతాను. మొన్న చెమటకి అది జేబుకి అంటుకుపోతే మీ అక్క గోటితో మెల్లగా ఊడదీసింది. అదలా ఉంచు.

ఇప్పుడు అసలు సంగతి. మన ప్రార్థన హాల్లో హార్మోనియం వాయించే పెద్దాయన ఉన్నారు కదా. పక్క గదిలో నడిచే బిళ్లల క్లబ్బుకీ ఆయనే పెద్ద. ఆయన నీలి పడవ ఇన్నేళ్లుగా క్లబ్బు నడి గోడ మీద ఫ్రేములో ఉంది. ఆ ముద్రణలో ప్రతి బిళ్లకీ రెండు అంచుల్లో కంటికి కనపడని మెరుపు గీతలుంటాయి, ఉత్తరాలు విడదీసే యంత్రం గుర్తుపట్టడానికి. ఆ యంత్రం దగ్గరే నీ ఉద్యోగం కనుక నీకు చెప్పక్కర్లేదు. తన బిళ్లకి పొరపాటున ఒక్క గీతే పడిందనీ, అది చాలా అరుదనీ పెద్దాయన అంటూ వచ్చారు. శనివారం కర్టెన్లు వేయించి అందరి ముందూ ఆ ఫ్రేము మీద నా దీపం పట్టాను. ఒక్క గీతా లేదు, అర గీతా లేదు. బొగ్గుల గది. దాని పక్కన నా బిళ్ల పెట్టాను. పట్టపగలు.

ఆదివారం వేదికెక్కి, పైకి తెల్లగా, లోపల కుళ్లుగా ఉండే సున్నం కొట్టిన సమాధుల గురించిన వాక్యం తీశాను. పేరు చెప్పలేదు. హార్మోనియం వైపు చూశాను, అంతే.

వచ్చే నెల క్లబ్బు ప్రదర్శన. నడి గోడ మీద ఈసారి మీ నాన్నగారి బిళ్ల ఉంటుంది. కూతురిగా నువ్వు సంతోషిస్తావని రాస్తున్నాను.

దీపానికి రెండు మీటలున్నాయి. మొదటిది భేషుగ్గా ఉంది. రెండో దాని బల్బు మసగ్గా ఉంది, ఆయుష్షు తీరినట్టుంది. తీరిక చూసుకుని మారుస్తాను.

నీ బావ


ఉత్తరాల విభజన కేంద్రం, భోజనాల గది
గురువారం

బావగారికి,

మరదలి వందనాలు. మీ ఉత్తరం మా యంత్రం మీదుగానే వచ్చింది. బిళ్ల తలకిందులుగా అంటించారు. యంత్రం మెడ తిప్పి మరీ చదువుకుంది పాపం.

నాన్న బిళ్ల వెలిగినందుకు సంతోషమే. అయితే మీరు పెద్ద పెద్ద వెలుగుల గురించి రాసి ఒక చిన్న సంగతి చీకట్లో వదిలేశారు. మీరు హార్మోనియం వైపు 'చూశారు, అంతే' కదా, ఆ తర్వాత ఏమైంది? కాగితంలో చోటు చాలలేదా? అక్క రాసింది లెండి. ఆఖరి పాట వాయించి, హార్మోనియం మూత వేసి, తాళంచెవి మీ బల్ల మీద పెట్టి, గోడ మీది ఫ్రేము దించుకుని చంకలో పెట్టుకుని వెళ్లిపోయారట పెదనాన్న. వరసకి పెదనాన్న కాకపోయినా నాన్న స్నేహితుడని నేనలాగే పిలుస్తాను, మీకు తెలుసు. బిళ్లని వేళ్లతో ముట్టకూడదని, చిన్న పట్టకారుతో అంచు పట్టుకోవాలని నాకు నేర్పింది ఆయనే. మీలా జేబులో కుక్కుకుని తిరగమని మాత్రం నేర్పలేదు.

ముందే చెప్పేస్తున్నాను బావగారూ. నాకు ఆయన మళ్లీ ఆ హార్మోనియం ముందు కూర్చోవాలి. తక్కినదంతా నాకు సరదాయే, మీరు గెలిచినా మీ బిళ్ల గెలిచినా.

ఇక్కడి కబుర్లు. ఆ మధ్య మా దగ్గర ఒక తమాషా జరిగింది. ఎవరో పార్సెల్లో సబ్బుపొడి ప్యాకెట్టు పంపితే అది పగిలి, పొడి మా బెల్టు మీదంతా ఒలికింది. ఇక చూడండి, బిళ్ల లేని కవరుకి కూడా బిళ్ల ఉందని యంత్రం ముద్ర గుద్దేస్తోంది. కవరు ఇటు తిప్పినా గుద్దుతోంది, అటు తిప్పినా గుద్దుతోంది. మా పై అధికారి దానికి దయ్యం పట్టిందన్నాడు. దయ్యాలు వదిలించే బావ ఒకరున్నారు, పిలిపించనా అన్నాను. తడిగుడ్డ పెట్టి తుడిస్తే వదిలిపోయింది.

దీనికీ దానికీ సంబంధం లేదు గానీ, అక్క ఈ మధ్య మీ చొక్కాలకి ఏ సబ్బుపొడి వాడుతోంది?

మీ మరదలు


దీపాల మరమ్మతు కొట్టు, వెనక గది
మంగళవారం

మరదలికి,

నేను సత్యం గురించి రాస్తే నువ్వు సబ్బు గురించి అడుగుతావు. మీ ఇంటి ఆడపిల్లలిద్దరికీ ఇదే జబ్బు. నేను పరలోకం గురించి మొదలుపెట్టగానే మీ అక్క చెత్తబుట్ట నిండిందంటుంది.

అడిగావు కనుక చెబుతున్నాను. పెట్టె మీద హంస బొమ్మ ఉంటుంది, ఆ పొడి. రెండు చెంచాలు ఎక్కువే వేస్తుంది, వేయమన్నది నేనే. వేదిక మీద నిలబడ్డవాడి చొక్కా ఆఖరి బల్లలవాళ్లకి కూడా కళ్లు చెదిరేలా ఉండాలి. పైనా లోపలా ఒకటే తెలుపు, అదీ నా లెక్క. అన్నట్టు పోయిన ఆదివారం నోటి గురించి మాట్లాడాను. యాభై దాటినా నా పళ్లలో ఒక్కటి కూడా కదల్లేదనీ, అబద్ధం ఆడని నోటికి దేవుడిచ్చిన బహుమానమనీ చెబితే టైలరు లేచి నిలబడి మరీ 'ఆమెన్' అన్నాడు.

పెద్దాయన వెళ్లిపోయిన మాట నిజమే. నేను దాచలేదు, రాయలేదు, అంతే. ఆయన్ని వెళ్లమని నేనన్నానా? వెలుగు చూసి వెళ్లిపోయేవాళ్ల గురించి కూడా వాక్యం ఉంది. కావాలంటే ఏ అధ్యాయమో పంపుతాను.

హార్మోనియం లేకుండానే పాడాం. టైలరు ఒక శ్రుతి ఎత్తుకున్నాడు, వెనక బల్లలవాళ్లు ఒకటి ఎత్తుకున్నారు. మూడో చరణానికల్లా అవి రెండు వేరు వేరు పాటలైపోయాయి. మీ అక్క రెండింటికీ మధ్యలో ఏదో పాడింది. నాకేం బాధ లేదు.

ఇంకో మాట, మీ అక్క చేరవేసేలోగా నేనే చెబుతున్నాను. పెద్దాయన ఇంటి ముందు నుంచి నేను సైకిలు మీద వెళుతున్న మాట నిజం. ఆ వీధిలో నాకు పనుంది. ఏం పని అని అడక్కు.

నీ బావ


ఉత్తరాల విభజన కేంద్రం, భోజనాల గది
శుక్రవారం

బావగారికి,

అడగను. ఆ వీధిలో దీపాలన్నీ మునిసిపాలిటీవాళ్లే చూసుకుంటారని మాత్రం నాకు తెలుసు.

నా మాట ఒక్కటి వినండి, ఖర్చులేని పని. మీ దగ్గర దీపం ఉంది, ఇంట్లో పెద్ద చెక్క బీరువా ఉంది. పగలే వెళ్లి ఆ బీరువాలో కూర్చుని తలుపు వేసుకోండి. కూడా నాలుగు వస్తువులు పట్టుకెళ్లండి: మీ ఆదివారం చొక్కా, మీ బిళ్ల, అదే పడవ బొమ్మతో నాన్న ఆల్బంలో ఉన్న మిగతా బిళ్లలు, సబ్బుపొడిలో ఎప్పుడూ తడవని పాత గుడ్డ ఒకటి. ఒక్కొక్కదాని మీదా దీపం పట్టండి. ఏం కనిపిస్తే అది రాయండి. నేనేమీ చెప్పను. నేను చెబితే మీరు నమ్మరు, వాక్యం తీస్తారు.

బైబిల్లో చేప కడుపులోకి వెళ్లినాయన కూడా బయటికొచ్చాక మంచి ప్రసంగమే చేశాడని మీరే చెప్పేవారు. బీరువా అంతకంటే వాసన తక్కువ.

మీ మరదలు


దీపాల మరమ్మతు కొట్టు, వెనక గది
బుధవారం

మరదలికి,

నువ్వు చెప్పావని కాదు, తీరిక దొరికి బీరువాలో కూర్చున్నాను. మోకాళ్లు గడ్డానికి ఆనించుకుంటే నాలాంటి మనిషి కూడా పడతాడు. నేను లోపల ఉండగానే మీ అక్క తువ్వాలు కోసం తలుపు తీసింది.

"ఏం చేస్తున్నారు?"

"సత్యం వెతుకుతున్నాను."

"నా దుప్పట్లలోనా?" అని, తువ్వాలు తీసుకుని, తలుపు మళ్లీ వేసి వెళ్లింది. ఆ మనిషికి ఆశ్చర్యమనేది లేదు. నన్ను చేసుకున్నాక ఉండదంటుంది.

ఏం కనిపిస్తే అది రాయమన్నావు. రాస్తున్నాను.

పాత గుడ్డ చీకటిగానే ఉంది. ఆల్బంలోని మిగతా పడవలన్నీ చీకటిగానే ఉన్నాయి. చొక్కా మాత్రం భగ్గుమంది. బీరువాలో ఇంకో మనిషి ఉన్నాడేమో అని నేను వెనక్కి జరిగితే తల పలకకి కొట్టుకుంది. తర్వాత నా బిళ్ల పట్టాను. అదీ అదే రంగు, అదే తెలుపు. భూతద్దం పెట్టి చూశాను. ఆ వెలుగు కాగితంలోది కాదు, కాగితం మీదిది. దాని మీద చొక్కా గుడ్డ అల్లిక అచ్చు పడింది, పడుగూ పేకతో సహా. ఓ పక్కన చుక్కల వరస ఒకటి కనిపించింది. జేబు తిరగేసి పక్కన పెడితే అది జేబు కుట్టు.

అంటే మీ నాన్నగారి బిళ్ల వెలగలేదు. నేను చెమటోడ్చి బోధించినంతసేపూ నా జేబులోని సబ్బు దానికి ఎక్కింది.

కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. నిన్న బడిలో ట్యూబులైటు మారుస్తుంటే ఇంకోటి తట్టింది. ట్యూబు లోపల పుట్టే అసలు కిరణం కంటికి కనపడదు. గాజుకి లోపల పూసిన పొడి దాన్ని వెలుతురుగా మారుస్తుంది, మిగిలిన కిరణాన్ని గాజు బయటికి రానివ్వదు. వస్తే మన కళ్లు పోతాయి. ఈ మాట నా కొట్లో పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ మొదటి రోజే చెబుతాను.

కొట్టుకి వచ్చి, కళ్లకి అద్దాలు పెట్టుకుని, నీ ఉత్తరం కవరు మీది బిళ్లకి రెండో మీట దీపం పట్టాను. ఆయుష్షు తీరిందనుకున్న ఆ మసక దీపం ముందు రెండు గీతలు పచ్చగా లేచాయి. అవి మొదటి దీపానికి పలకవు, ఈ పదును దీపానికే పలుకుతాయి. మధ్యలో కిటికీ గాజు ముక్క అడ్డం పెట్టాను. గీతలు పోయాయి. తీశాను. వచ్చాయి.

పెద్దాయన బిళ్లని నేను గాజు ఫ్రేము మీద నుంచి చూశాను. అదీ పట్టకూడని దీపం పట్టి. దీపాలతో బతికేవాణ్ణి, ఎదుటివాడిలో చీకటి చూడాలన్న తొందరలో నా పనే మర్చిపోయాను.

ఇప్పుడు నా మాట విను. ఇది నీకూ నాకూ మధ్యనే ఉండనీ. ప్రదర్శనకి నా బిళ్ల పంపను. కడుపునొప్పి అంటాను. పెద్దాయనతో ఎప్పుడో మెల్లగా, ఎవరూ లేనప్పుడు, ఒక మాట అంటాను. బోధకుడి మాట ఒకసారి పలచబడితే సంఘం ఎలా నిలబడుతుందో నువ్వే ఆలోచించు. నేను నా కోసం అనడం లేదు.

నీ బావ


ఉత్తరాల విభజన కేంద్రం, భోజనాల గది
శనివారం

బావగారికి,

మీ ఉత్తరం మూడొంతులు చదివి, మా బావ ఎంత మంచివాడు అనుకున్నాను. ఆఖరి పేరా చదివి, మా బావ అచ్చం మా బావే అనుకున్నాను.

సమాధి అన్నది హాలు నిండా జనం ముందు. మెల్లగా అనేది మాత్రం ఎవరూ లేనప్పుడు. ఈ లెక్క ఏ అధ్యాయంలో ఉందో పంపండి, నేనూ నేర్చుకుంటాను. సంఘం నిలబడదంటున్నారు, ఇప్పుడు అది రెండు పాటలు ఒకేసారి పాడుతూ నిలబడి ఉంది.

నేను పెదనాన్నకి కార్డు రాశాను. మీ బీరువా సంగతి చెప్పలేదు, ఊరికే ఎలా ఉన్నారని. జవాబు వచ్చింది. ఆయన చేతిరాత అంత చిన్నగా ఎప్పుడూ చూడలేదు. 'ఫ్రేముకి పేపరు చుట్టి అటక మీద పెట్టాను. గీత ఉందని మీ నాన్నకి కూడా చెప్పాను, పాపం నమ్మాడు. హార్మోనియం ఎవరికైనా ఇచ్చేయమని చెప్పమ్మా.' అదీ ఆ కార్డు. మీరు ఆయన బిళ్లని కాదు బావగారూ, ఆయన మాట మీద ఆయనకున్న నమ్మకాన్నే ఊడబెరికారు.

గాడిద చేత మాట్లాడించిన దేవుడు మరదలి చేత మాట్లాడించలేడా? కాబట్టి వినండి. ఆదివారం హాలు కిటికీలకి నల్లగుడ్డలు కట్టించండి. పెదనాన్న ఎవరు పిలిచినా రారు, అక్క పిలిస్తే వస్తారు. అక్క పిలవడమంటే ఆయన గుమ్మంలో కూర్చుని లేవకపోవడమే, ఆ సంగతి మీకు అనుభవమే. ఫ్రేముతో సహా రమ్మనండి. మీరు ఆ తెల్లచొక్కాయే వేసుకోండి, ఉతికి మరీ. అందరి ముందూ చెప్పండి.

ఒక్క సలహా. చెప్పడం అయ్యాక తల వేలాడదీసుకుని నిలబడకండి. మీరు ఏడుపు మొహం పెడితే జనం జాలిపడి ఇంకో పాట పాడేస్తారు. దీపం వెలుగుతుండగానే పెదనాన్న వైపు తిరిగి, పళ్లన్నీ కనిపించేలా నవ్వండి. మనస్ఫూర్తిగా. దేవుడిచ్చిన బహుమానం కదా.

మీ మరదలు


దీపాల మరమ్మతు కొట్టు, వెనక గది
సోమవారం

పాము లాంటి మరదలికి,

ముందు జరిగింది జరిగినట్టు రాస్తాను. నీ లెక్క తర్వాత తేలుస్తాను.

మీ అక్క వెళ్లి తీసుకొచ్చింది. పెద్దాయన ఫ్రేముని పేపరు విప్పకుండానే ఒళ్లో పెట్టుకుని గుమ్మం దగ్గరి ఆఖరి బల్ల మీద కూర్చున్నారు. లేచి వెళ్లడానికి వీలుగా అని నాకు అర్థమైంది. హార్మోనియం మీద తాళంచెవి ఉంది, బల్ల మీంచి తెచ్చి అక్కడ పెట్టింది నేనే.

నల్లగుడ్డలు దించారు. ఉదయం పూటే హాలు గుహ అయిపోయింది. నేను వాక్యం తీయలేదు. జీవితంలో మొదటిసారి పుస్తకం మూసి మాట్లాడాను.

"నేను ఇక్కడి నుంచి ఒక మనిషిని సమాధి అన్నాను. పేరు చెప్పే ధైర్యం కూడా లేక చూపుతో అన్నాను. ఇప్పుడు సున్నం ఎవరి మీద ఉందో చూడండి" అని దీపం నా మీదికే తిప్పుకున్నాను.

చొక్కా లేచి నిలబడింది. నాకే కళ్లు చెదిరాయి. ముందు బల్లలో ఎవరో 'దేవదూత' అన్నారు. టైలరు అన్నాడు: "తల కనపడట్లేదండీ, చొక్కా ఒక్కటే మాట్లాడుతోంది."

"ఇది పరిశుద్ధత కాదు" అన్నాను. "పెట్టె మీద హంస బొమ్మ ఉన్న సబ్బుపొడి. రెండు చెంచాలు ఎక్కువ. నా బిళ్ల మీద మీరు చూసిన వెలుగూ ఇదే, నా చెమటతో దానికి అంటింది." అల్లిక, కుట్టు, బీరువా, అన్నీ చెప్పాను. బీరువా చెప్పకపోయినా పోయేది, నోరు మొదలుపెడితే ఆగదు.

తర్వాత ఆఖరి బల్ల దాకా నడిచాను. "మీ బిళ్లని నేను గాజు మీంచి చూశాను. నా పని తెలిసినవాడు చేయకూడని పని అది. గాజు తీస్తారా?" అని అడిగాను.

ఆయన ఫ్రేము తన వైపు తిప్పుకున్నారు. తర్వాత పేపరు విప్పారు. వెనక మేకులు నన్ను ముట్టనివ్వలేదు, తన చేత్తోనే ఒక్కొక్కటీ వంచి గాజు పక్కన పెట్టారు. అందరినీ దూరంగా జరగమని, ఇద్దరం కళ్లకి అద్దాలు పెట్టుకుని, నేను రెండో మీట నొక్కాను.

ఎడమ అంచున ఒక్క గీత. సన్నంగా, పచ్చగా, నిటారుగా. కుడి అంచున ఏమీ లేదు.

"ఉంది" అన్నారాయన. మళ్లీ ఇంకా చిన్నగా, "మీ మామకి అబద్ధం చెప్పలేదు నేను" అన్నారు.

ఇంకేం, లేచి హార్మోనియం దగ్గరికి వెళతారనుకున్నాను. వెళ్లలేదు. గాజు మళ్లీ బిగించుకుని, ఫ్రేము ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. నేను చెప్పవలసింది చెప్పేశాను, చూపించవలసింది చూపించేశాను. అయినా ఆ మనిషికీ ఆ తాళంచెవికీ మధ్య హాలు పొడుగునా దూరం అలాగే ఉంది. సత్యం తేలితే చాలనుకునేవాణ్ణి ఇన్నాళ్లూ. చాలదని అప్పుడు తెలిసింది.

నాకు చేతిలో మిగిలింది నీ సలహా ఒక్కటే. మొదటి మీట నొక్కి, దీపం గడ్డం కింద పట్టుకుని, ఆయన వైపు తిరిగి, పళ్లన్నీ కనిపించేలా మనస్ఫూర్తిగా నవ్వాను.

పెద్దాయన ముందుకు వంగారు. కళ్లద్దాలు సర్దుకున్నారు. నా చేతిలోంచి దీపం తీసుకుని నా మొహానికి దగ్గరగా పెట్టారు.

"ఏమయ్యా, పై వరసలో ఒక గదికి దీపం లేదేం?"

నాకు అర్థం కాలేదు. మీ అక్కకి ముందు అర్థమై చేతిలో ఉన్న పాటల పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంది. అసలు పళ్లు ఈ దీపానికి తెల్లగా వెలుగుతాయట. కట్టించుకున్న పన్ను వెలగదట. దీపాలవాణ్ణి, ఇది మాత్రం నాకు నిజంగా తెలియదు.

"అబద్ధం ఆడని నోటికి దేవుడిచ్చిన బహుమానం అన్నావటగా మొన్న. అన్నీ ఆయనిచ్చినవేనా, ఒకటి నువ్వు కలిపావా?"

"సైకిలు మీంచి పడ్డప్పుడు పోయిందండీ" అన్నాను. వేరే ఏమనగలను, దీపం ఆయన చేతిలో ఉంది.

పెద్దాయన నవ్వు ఎలా ఉంటుందో నీకు తెలుసు. చప్పుడు ఉండదు, భుజాలు మాత్రం కదులుతాయి. ఈసారి చప్పుడు వచ్చింది. అది టైలరుకి అంటుకుంది, అక్కడి నుంచి వరసగా అన్ని బల్లలకీ. ఆయన కళ్లు తుడుచుకుంటూ లేచి, ఫ్రేము నా చేతుల్లో పెట్టి, గోడ పట్టుకుని నవ్వుతూనే నడిచి, హార్మోనియం మీది తాళంచెవి తీశారు.

"నోరు మూసుకుని శ్రుతి అందుకో, కట్టుడుపన్ను బోధకుడా" అన్నారు.

ఒక్క పాటే పాడాం. అందరం ఒకటే పాట.

ఇప్పుడు నీ లెక్క. ఆ పన్ను సంగతి మీ అక్కకీ నాకూ పళ్ల డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. మీ అక్క తను చెప్పలేదని పుస్తకం మీద చెయ్యి వేసింది. నిజం చెప్పు, నీకు ముందే తెలుసా?

నీ బావ


ఉత్తరాల విభజన కేంద్రం, భోజనాల గది
గురువారం

బావగారికి,

అక్క నిజమే చెప్పింది. నాకు ఎవరూ చెప్పలేదు.

పోయిన ఏడాది మా బెల్టు మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. ఇంటికి కాదు, దీపాల కొట్టుకి మీ పేరు మీద. పంపినవారి పేరు పెద్ద అక్షరాలతో: 'కృత్రిమ దంతాల తయారీ'. నేను విప్పలేదు, ఊపనైనా ఊపలేదు. ఉద్యోగ ధర్మం. పైన రాసింది చదవకుండా ఉండాలంటే కళ్లు మూసుకుని పని చేయాలి, అది మా అధికారి ఒప్పుకోడు. పట్టుకెళ్లి మీ ఊరి గడిలో వేశాను. అప్పటినుంచీ మీరు పళ్ల గురించి బోధించినప్పుడల్లా అక్క రాస్తుంది, నేను పక్కవాళ్లకి కనపడకుండా నవ్వుకుంటాను.

అది దీపానికి వెలగదని ఖాయంగా తెలియదు బావగారూ. వెలగకపోతే బాగుండునని ప్రార్థించాను. నేను ప్రార్థన చేయనని మీరు వేదిక మీంచి అనడం ఇక మానేయండి.

నేను ప్రదర్శనకి వస్తున్నాను. ముందు బల్లలో కూర్చుంటాను. అక్కకి చెప్పండి, సబ్బుపొడి ఒక్క చెంచా చాలు.

మీ మరదలు


దీపాల మరమ్మతు కొట్టు, వెనక గది
మంగళవారం

మరదలికి,

నువ్వు బస్సెక్కే తొందరలో ప్రదర్శన రెండో గది చూడకుండా వెళ్లిపోయావు. కాబట్టి రాయక తప్పడం లేదు.

నడి గోడ మీద పెద్దాయన ఒంటిగీత పడవ ఉండటం నువ్వు చూశావు. ఈసారి గాజు లేదు. పరీక్షించడానికి వచ్చిన పెద్దమనిషి తన దీపంతో చూసి, టోపీ తీసి, మళ్లీ చూశాడు. అది నాకు చాలు. నా బిళ్లని ఇంటికి తెచ్చుకుని ఆల్బంలో పడేద్దామనుకున్నాను. పెద్దాయన చెయ్యి చాచి, "ఇలా తే" అన్నారు. అడిగితే ఇవ్వనని అనే మొహం నాకు ఇంకా రాలేదు, ఇచ్చాను.

రెండో గదిలో దానికొక ఫ్రేము కట్టించారు. పక్కనే మీట ఉన్న ఊదా దీపం, అదీ నా కొట్లో దీపమే. జనం వరసలో నిలబడి నొక్కి చూస్తున్నారు. అల్లిక కనిపిస్తోంది, కుట్టు కనిపిస్తోంది. ఆయన బడిలో పిల్లలకి దస్తూరీ నేర్పేవారు కదా, ఆ గుండ్రటి అక్షరాలతో కింద చీటీ అంటించారు. అక్షరం పొల్లుపోకుండా దించుతున్నాను:

'నీలి పడవ, బోధకుడి జేబు రకం. లోకంలో ఇది ఒక్కటే ఉంది. ఇలాంటిది ఇంకొకటి తయారు చేయడానికి ఒక తెల్లచొక్కా, రెండు చెంచాల సబ్బుపొడి, రెండు గంటల ప్రసంగం కావాలి.'

నేను చదివి, చుట్టూ చూసి, ఆయన దగ్గరికి వెళ్లాను. రెండు గంటలన్నది అన్యాయం, గంటా ముప్పావే అని చెప్పాను. దిద్దడానికి కలం తీశారు. తర్వాత నా మొహం చూసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"వచ్చే ఆదివారం గడియారం నా దగ్గర పెట్టుకుంటాను" అన్నారు. "హార్మోనియం మీద."

నీ బావ